నిండు బిందెలకే ప్రవేశం

శుభవార్త వచ్చేసరికి నేను మా కొత్త కుక్కరు ముందు నిలబడి, అది మొదటి కూత ఎప్పుడు వేస్తుందా అని చూస్తున్నాను. పెళ్ళయి ఇంకా నెల నిండలేదు. ఆ రోజుల్లో నాకు కుక్కరు కూసినా సంతోషమే, కూయకపోయినా సంతోషమే. మా ఆయన గుమ్మంలోంచే "హిమా! ఐదేళ్ళకి సరిపడా సాయం వచ్చేసింది!" అని కేకేశారు. సరిగ్గా అప్పుడే కుక్కరు కూడా కూసింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి నాకేదీ సరిగ్గా వినపడలేదు. రెంటికీ కలిపి చప్పట్లు కొట్టాను.

మా ఆయన పేరు మాల్యాద్రి. ఎర్రవాగుపాలెంలో తేటనీరు ట్రస్టు వారి మంచినీళ్ళ ప్లాంటు నడుపుతారు. ఆ ఊరి బోర్లలో పడేవి ఫ్లోరైడు నీళ్ళు. అవి తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద ఇటుకరంగు చారలుంటాయి. నడివయసు వచ్చేసరికి మోకాళ్ళు మొరాయిస్తాయి. డాక్టరమ్మ అనే పెద్దావిడ ట్రస్టు పెట్టి, బోరునీళ్ళని మెషీనులో శుద్ధిచేసి ఊళ్ళోవాళ్ళంతా ఉచితంగా బిందెల్లో పట్టుకెళ్ళే ఏర్పాటు చేశారు. పాపం, ఇన్నేళ్ళకి ఆవిడ మోకాళ్ళే ఆవిడ మాట వినడం మానేశాయి. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. అంతలో పట్నంలోని ఒక ఫౌండేషను ఖర్చంతా భరిస్తామని ముందుకొచ్చింది. ఒక్కటే షరతు. ట్రస్టుకి "వృత్తి నైపుణ్యం గల నాయకత్వం" ఉండాలి.

"అదెక్కడ దొరుకుతుందండీ?" అన్నాను.

"మనం వెతుక్కోనక్కర్లేదు. వాళ్ళే పంపిస్తున్నారు. ఎల్లుండి కారులో వస్తుంది."

ఆ ఆనందంలో ఇద్దరం పప్పులో ఉప్పు వేయకుండానే అన్నం తినేశాం. నాకైతే బ్రహ్మాండంగా ఉంది.

నాయకత్వం వచ్చేలోగా ప్లాంటు దగ్గరి పద్ధతి కాస్త చెప్పాలి. అక్కడ మనుషులు వరుసలో నిలబడరు, రాళ్ళు నిలబడతాయి. ప్రతి ఇంటికీ ఒక రాయి. తెల్లవారకముందే ఎవరి రాయి వాళ్ళు వరుసలో పెట్టి, పాలు పితకడానికో పొయ్యి వెలిగించడానికో వెళ్ళిపోతారు. మాల్యాద్రి కుళాయి తిప్పే వేళకి బిందెలతో వచ్చి, తమ రాయి వంతు రాగానే నీళ్ళు పట్టుకుంటారు. పైవీధికీ కిందవీధికీ పంచాయతీ ఎన్నికల నాటి నుంచి మాటల్లేవు. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళరు. కానీ పైవీధి రాయి పక్కన కిందవీధి రాయి హాయిగా కూర్చునేది. రాయిని జరపడమంటే ఊళ్ళో అంతకుమించిన తప్పు లేదు.

నేను కాపురానికి వచ్చిన మర్నాడే కిందవీధి యేసుమణి గులాబీరంగు చార ఉన్న గుండ్రని రాయి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వాగులో ఏరి తెచ్చినా వదినా. కొత్త పెళ్ళికూతురివి గదా, అందరిలోకీ కళగా ఉండాలని. ఇయ్యాల్టి నుంచి నువ్వు ఈ ఊరిదానివి."

అమ్మమ్మ పెట్టిన చంద్రహారం చూసుకున్నంత మురిపెంగా ఆ రాయిని చూసుకున్నాను. మా పెళ్ళికి వచ్చిన కొత్త స్టీలు బిందె మీద "మాల్యాద్రి – హిమజ" అని పేర్లు చెక్కించారు. ఆ బిందె, ఈ రాయి. ఇక ఆడదానికి ఇంతకంటే ఏం కావాలి!

యేసుమణికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది కెజియాకి పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వస్తున్నాయి. తెల్లగా వస్తున్నాయి. ప్లాంటు నీళ్ళతో పెరిగిన పిల్ల మరి. యేసుమణి దారిన పోయేవాళ్ళని ఆపి, కూతురి పెదవి పైకెత్తి మరీ చూపించేది. "చూడండయ్యా, మా ఇంటో తెల్లపళ్ళు!" అని నవ్వేది. నవ్వినప్పుడు తన చారల పళ్ళు కనపడతాయని చేతిని మాత్రం అడ్డం పెట్టుకునేది. చిన్నదానికి ఇంకా ఏడాది నిండలేదు. "దీని పళ్ళు ఇప్పుడు చిగుళ్ళ లోపల తయారవుతుంటయ్యంట. డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు మంచినీళ్ళు తాగితేనే రేపు తెల్లగా వస్తయ్యంట" అని ఆ పిల్ల గిన్నెలోకి ప్లాంటు నీళ్ళు తప్ప మరో చుక్క రానిచ్చేది కాదు.

*

నాయకత్వం పేరు చక్రధరరావు గారు. ముప్పై ఏళ్ళు ఒక పెద్ద నగల దుకాణాల సంస్థలో భద్రతా విభాగానికి అధిపతిగా చేశారట. కారు దిగగానే ముందు ప్రహరీ గోడ కొలత చూశారు. తరువాత మా మొహాలు.

ఎండలో వచ్చారు కదా అని, కుళాయి దగ్గర గ్లాసు నింపి అందించాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు.

"దీన్ని ముందు ఎవరు తాగారు?"

"ఎవరూ తాగలేదండీ. కడిగిన గ్లాసే."

"అదే పొరపాటు. ముఖ్యులకు సమర్పించు ఏ పానీయమునైనను, అక్కడ ఉన్న భద్రతాధికారులలో అందరికన్నా పెద్దవాడు ముందుగా సేవించి, ఆరోగ్యంగా నిలబడి ఉండవలెను. ఇది మొదటి నిబంధన."

అప్పటికి ప్లాంటులో భద్రతాధికారి అంటూ ఎవరూ లేరు. అందుకని మా ఆయనను తాత్కాలికంగా నియమించారు. ఆయన గ్లాసెడు నీళ్ళూ తాగి నిలబడ్డారు. రావుగారు గడియారం చూస్తున్నారు. రోజూ తాగే నీళ్ళే అని తెలిసినా, కొత్త పెళ్ళికూతుర్ని కదా, ఆ కాసేపూ మంగళసూత్రం కళ్ళకద్దుకుంటూ ఉన్నాను. మా ఆయన ఆరోగ్యంగానే ఉన్నారు. రావుగారు తృప్తిగా తలూపి, తన సంచీలోంచి సీలు వేసిన సీసా తీసుకుని అందులో నీళ్ళు తాగారు.

తరువాత రాళ్ళు కనపడ్డాయి.

"ఇవేమిటి?"

"రాళ్ళండీ" అన్నారు మా ఆయన.

"రాళ్ళని నాకు తెలుసు. వరుసగా ఎందుకున్నాయి?"

"నీళ్ళ కోసమండీ."

"రాళ్ళకి నీళ్ళెందుకు?"

మా ఆయన పద్ధతంతా వివరించారు. రెండు వీధుల మధ్య మాటల్లేవనీ, దొంగలు రెండుసార్లు మోటారు రాగితీగ కోసుకుపోయారనీ, రాళ్ళ దగ్గర మాత్రం ఎన్నడూ గొడవ రాలేదనీ చెప్పారు. రావుగారు కళ్ళు మూసుకుని విన్నారు.

"అంటే, రెండు ప్రత్యర్థి వర్గాలు ప్రతిరోజూ తెల్లవారకముందే, చీకట్లో, ఎవరి రాళ్ళు వాళ్ళు తెచ్చి, చేతికందే దూరంలో సిద్ధంగా పెట్టుకుంటున్నాయి. ఇంతకాలం మీరు దీన్ని చూస్తూ ఊరుకున్నారు."

అలా చెబితే నాకూ ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ మేం ఎంత ప్రమాదంలో బతుకుతున్నామో!

ఆ పూటే రాళ్ళన్నీ స్వాధీనం చేసుకుని, ఒక్కోదానికీ చీటీ అంటించి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. తలుపు మీద "ఆయుధాగారము" అని రాయించారు. నా గులాబీ చార రాయికి "మధ్యస్థాయి ప్రమాదకారి" అని చీటీ పడింది. నేను డిగ్రీ చదివానని తెలిసి నన్ను ప్రకటనల అధికారిగా నియమించారు. గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. ఎవరూ లేనప్పుడు అందులో కూర్చుని రెండు చుట్లు తిరిగాను. రాయి పోయిన బాధ కొంత తగ్గింది.

*

మర్నాడు పొద్దున ప్లాంటు ముందు మనుషులున్నారు, రాళ్ళు లేవు. ఎవరు ముందో ఎవరికీ తెలియదు. పైవీధి పిచ్చమ్మ గారు తనే ముందన్నారు. కిందవీధి వాళ్ళు తామే ముందన్నారు.

"నేను కోడి కుయ్యకముందు వచ్చినా!"

"మీ కోడికేం తెలుసు, అది కూడా మీ మాదిరే యాళ తప్పి కూస్తది!"

బిందె బిందెకు తగిలింది. పిచ్చమ్మ గారి కొప్పు ఊడింది. రాళ్ళున్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఒక్క రాయి గాల్లోకి లేవలేదు. రాళ్ళు తీసేసిన పూటే బిందెలు లేచాయి.

రావుగారు కిటికీలోంచి చూసి నా వైపు తిరిగారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూశారా? ఉద్రిక్తత! నేను నిన్ననే చెప్పాను. ఇంత గొడవలో వాళ్ళ చేతికి రాళ్ళు కూడా దొరికి ఉంటే?"

ఆ వారమే గోడ మీద ముళ్ళతీగ వచ్చింది. గేటు దగ్గర నీలం చొక్కా గార్డులు వచ్చారు. వరుసలో మనుషుల్ని చూడటానికి గేటుకి కెమెరా పెట్టారు. దొంగలు వెనకవైపు నుంచి వచ్చి మోటారు తీగతో పాటు కెమెరా తీగ కూడా కోసుకుపోయారు. అదీ రాగిదేనట. రావుగారు ఫౌండేషనుకి పంపిన రిపోర్టులో, "కెమెరా ఏర్పాటు అనంతరము దానిలో ఒక్క నేరమైనను నమోదు కాలేదు" అని రాయించారు. నిజమే. ఒక్కటీ నమోదు కాలేదు.

రాళ్ళు పోయాక ఆడవాళ్ళు చెప్పులు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరి చెప్పు వాళ్ళ చోటు కాస్తుంది. గొడవలు తగ్గాయి. రావుగారు చెప్పుల వరుస చూసి నిట్టూర్చారు.

"సభల్లో, సమావేశాల్లో చెప్పు ఎందుకు వాడతారో మీకు తెలియదామ్మా? రాయి కన్నా తేలిక. విసరడం సులువు. పైగా మర్నాడు పేపర్లో ఫోటో."

చెప్పులు నిషేధించారు. ఇక ఆడవాళ్ళకి మిగిలింది బిందెలే. బిందెల్నే వరుసలో పెట్టి కూర్చున్నారు. అది ఇంకా అందంగా ఉంది. స్టీలు బిందెలు, ఇత్తడి బిందెలు, ఆకుపచ్చా ఎర్రా ప్లాస్టిక్ బిందెలు, మధ్యలో మా పేర్లు మెరుస్తున్న నా పెళ్ళి బిందె. నేను ఫోటో తీసి, ఎంత ముచ్చటగా ఉందో చూడండని రావుగారికి చూపించాను.

ఆయన మొహం పాలిపోయింది. సొరుగులోంచి పాత పేపరు కత్తిరింపులు తీసి బల్లమీద పరిచారు. ఎక్కడెక్కడివో ఊళ్ళు. మునిసిపాలిటీల ముందు, రోడ్ల మీద, ఆఫీసుల గేట్ల దగ్గర ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని బైఠాయించిన ఫోటోలు.

"ఇందులో ఏం కనపడుతోంది?"

"ఖాళీ బిందెలండీ."

"మీ ఫోటోలో?"

"...ఖాళీ బిందెలేనండీ."

"అది ధర్నా. ప్రతిరోజూ, మన గేటు ముందే, మన అనుమతితోనే ధర్నా! ఫౌండేషను పెద్దలు ఈ ఫోటో చూస్తే?"

ఆ సాయంత్రం ఆయన చెబుతుంటే నేను రాశాను. "ఇందుమూలముగా సమస్త లబ్ధిదారులకు తెలియజేయునది ఏమనగా, ఖాళీ బిందెలు ప్రజాశాంతికి భంగము కలిగించు సంకేతములైనందున, రేపటి నుండి ప్లాంటు ఆవరణలోకి నిండు బిందెలకు మాత్రమే ప్రవేశము కలదు." కాగితం గేటుకి అంటించాక నాకొక చిన్న సందేహం వచ్చింది. కానీ చేతిరాత చాలా బాగా కుదిరింది.

*

"ఏందయ్యా ఇది?" అని గార్డుని అడిగింది యేసుమణి మర్నాడు. చంకలో చిన్నపిల్ల, చేతిలో బిందె.

"నిండు బిందెతో రావాలమ్మా."

"నీళ్ళ కోసం వచ్చే దాని బిందె నిండుగా యాడ ఉంటది?"

"అది నాకు తెలవదు. ఖాళీదాన్ని రానిస్తే నా ఉద్యోగం పోద్ది."

"నిండు బిందె ఉంటే నీ మొహం చూడ్డానికొస్తానా ఈడికి?"

వెనక నుంచి పిచ్చమ్మ గారు, "మొహం చూడ్డానికైనా రావాలంటే నిండు బిందె కావాలంట్లే, పామ్మా" అన్నారు. ఎన్నికల తరువాత పైవీధి కిందవీధితో మాట్లాడిన మొదటి మంచి మాట అది. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇద్దరూ కలిసి ఉపాయం కనిపెట్టారు. బోరు దగ్గర బిందె నింపుకుని వచ్చారు. నిండు బిందె కాబట్టి గార్డు సలాం కొట్టి లోపలికి పంపాడు. లోపలికి రాగానే బోరునీళ్ళు నేలమీద కుమ్మరించి, కుళాయి కింద మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. గంటలో ఊరంతా అదే బాట. మధ్యాహ్నానికి ఆవరణ బురద. సాయంత్రానికి ఆ బురదలో పిచ్చమ్మ గారి గేదె. ముళ్ళతీగ దాటి ఎలా వచ్చిందో గేదెకే తెలియాలి. దాని మొహంలో అంత సుఖం నేను కొత్తదంపతుల మొహాల్లో కూడా చూడలేదు.

రావుగారు గట్టుమీద నిలబడి చూశారు. నీళ్ళు ఒలకబోయడం నిషేధించారు. "నీరు బంగారముతో సమానము. జలవృథా మహాపరాధము" అని నా చేత రాయించి, పాత సంస్థ నుంచి తమ అనుభవాన్ని బయటికి తీశారు. నగల కార్ఖానాలో పనివాళ్ళని పొద్దున లోపలికి వెళ్ళేటప్పుడు తూచి, సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ తూస్తారట. తేడా వస్తే బంగారం పోయినట్టు.

గేటు దగ్గర కాటా వచ్చింది. లోపలికొచ్చే బిందె నిండుగా ఉండాలి. ఒలకబోయకూడదు. బయటికి వెళ్ళేటప్పుడు వచ్చిన బరువే ఉండాలి.

మా ఆయన కాసేపు ఆలోచించి, "అయితే సార్, తెచ్చిన నీళ్ళే తీసుకెళ్ళాలి కదా" అన్నారు.

"నిండుగా వచ్చారు, నిండుగా వెళ్ళారు. ఇంకేం కావాలయ్యా?"

కొన్నాళ్ళు ఊరి ఆడవాళ్ళు అలవాటు కొద్దీ వచ్చారు. బోరునీళ్ళ బిందె కాటా మీద పెట్టడం, శుద్ధిచేసిన నీళ్ళ ట్యాంకు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడం, మళ్ళీ కాటా మీద పెట్టి ఇంటికి తీసుకుపోవడం. రిపోర్టు నేనే రాశాను. గేటు దాటిన బిందెల్లో నూటికి నూరు నిండు బిందెలే. ఒక్క బిందె ఖాళీగా వెళ్ళలేదు. ట్యాంకులో ఒక్క చుక్క తగ్గలేదు. డాక్టరమ్మ కాలంలో ఇలాంటి ఫలితాలు ఏనాడైనా ఉన్నాయా? రోజూ సాయంత్రానికి ట్యాంకు ఖాళీ చేసి కూర్చునేవారు పాపం.

ఇంట్లో మాత్రం మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోతున్నారు. "మెషీను నడవకపోతే లోపలి పొరలు ఎండిపోతాయి హిమా" అనేవారు. రోజూ మధ్యాహ్నం భోజనం చేశాక ఖాళీ క్యారేజీలో ప్లాంటు నీళ్ళు పట్టుకుని, వస్తూ వస్తూ యేసుమణి ఇంట్లో చిన్నపిల్ల కోసం పోసి వచ్చేవారు. ఆ సంగతి తెలిసిన రోజు ఆయనకి రెండు గరిటెల నెయ్యి ఎక్కువ వేశాను. నాలుగు రోజులకి ఉద్యోగుల క్యారేజీలు కూడా కాటా ఎక్కాయి. లోపలికి వెళ్ళేటప్పుడు అన్నం, బయటికి వచ్చేటప్పుడు కూడా అంతే బరువు అన్నం ఉండాలి. మా ఆయన భోజనం చేయడమే మానేశారు.

ఆ సాయంత్రం యేసుమణి మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నవ్వు మొదలుపెట్టే మనిషి, ఆ రోజు నేరుగా వచ్చి చాపమీద కూర్చుంది.

"పట్నం నుంచి ఆటోలో వచ్చే క్యాను కొన్నాళ్ళు కొన్నా వదినా. కూలి మొత్తం దానికే పోతాంది. నిన్నటి నుంచి బోరునీళ్ళే కాచి పడతాండా."

"కాచితే ఫ్లోరైడు పోదు యేసుమణీ" అన్నారు మా ఆయన నెమ్మదిగా.

"తెలుసన్నా. తెలిసే పడతాండా. పిల్లకి దప్పిక అయితది గదా." చిన్నదాన్ని ఒళ్ళో సర్దుకుని, వేలితో దాని చిగుళ్ళు నిమిరింది. "పెద్దదాన్ని ఊరంతా తిప్పి చూపించినా. రేపు ఇద్దరూ పక్కపక్కన నిలబడి నవ్వితే, చిన్నది అడగదా, అక్కకి అట్టా, నాకు ఇట్టా ఎందుకమ్మా అని? ఏం చెప్పాలి? నిండు బిందెలకే పర్మిషనని చెప్పాలా?"

గోళ్ళ మీద పెళ్ళి గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు నాకు. దాని వంకే చూస్తూ కూర్చున్నాను. ఆ ప్రకటన ఎంత గుండ్రటి అక్షరాలతో రాశానో గుర్తొచ్చింది.

*

మరుసటి రోజే రెండో శుభవార్త వచ్చింది. మా రిపోర్టులు చదివి ఫౌండేషను వారు పులకించిపోయారట. దేశంలో ఇంత భద్రంగా ఉన్న నీళ్ళు ఇంకెక్కడా లేవట. "జలరక్షా షీల్డు" మాకే. ఫౌండేషను అధ్యక్షుల వారు స్వయంగా వచ్చి ఇస్తారు. రేపే!

రావుగారు ఆనందంతో ఒక సీలు సీసా పూర్తిగా తాగి, రెండు వీధుల ఆడవాళ్ళనీ ఆవరణలో సమావేశపరిచారు. అందరూ నిండు బిందెలతోనే వచ్చారు, నిబంధన ప్రకారం.

"సోదరీమణులారా! రేపు మన ప్లాంటు చరిత్రలో సువర్ణాధ్యాయము. అధ్యక్షుల వారికి స్వాగతం ఎలా పలకాలో మీరే సెలవివ్వండి."

యేసుమణి లేచింది. "పెద్దమనిషి వస్తాండు గదా సారూ, పూర్ణకుంభంతో ఎదురొస్తాం. మా కాడ ఎట్టాగూ అన్నీ నిండు బిందెలే గదా."

"అద్భుతం! రాసుకోండమ్మా."

రాసుకున్నాను.

"వచ్చినాయన మా బిందెల్లో నీళ్ళు బిందెకో గ్లాసు పుచ్చుకోవాల. అట్టా అయితేనే మాకు తృప్తి" అన్నారు పిచ్చమ్మ గారు. ఆడవాళ్ళంతా అవునవునన్నారు. పైవీధి, కిందవీధి అన్న తేడా లేదు.

రావుగారు కొంచెం తటపటాయించారు. "ఆయనకి మనం సీలు సీసాలు..."

"సీసా నీళ్ళు తాగడానికి ఈ ప్లాంటు కాడికెందుకు సారూ? ఈ గేటు దాటిపోయేవన్నీ నిండు బిందెలేనని మీరే గదా రాసి పంపినారు?"

"అవునండీ" అన్నాను నేను, ఉత్సాహంగా. "రిపోర్టులో అలాగే ఉంది. నూటికి నూరు."

ఇక కాదనడానికి లేదు. రావుగారు తలూపారు. నేను కార్యక్రమం కాగితం చదివి వినిపించాను.

"పూర్ణకుంభ స్వాగతము. అనంతరము అధ్యక్షుల వారు ప్రతి బిందె నుండి ఒక గ్లాసు చొప్పున స్వీకరించెదరు. మొదటి నిబంధన ప్రకారము ప్రతి గ్లాసును, అక్కడ ఉన్న భద్రతాధికారులలో అందరికన్నా పెద్దవారు ముందుగా సేవించి..." ఇక్కడ ఆగి, తలెత్తి అడిగాను. "అందరికన్నా పెద్దవారంటే తమరేనా అండీ?"

రావుగారు బిందెల వంక చూశారు. గోడ దాకా ఉన్నాయి. పైవీధివీ, కిందవీధివీ.

"ఈ నీళ్ళు..." గొంతు సవరించుకున్నారు. "ఈ నీళ్ళు తాగితే ఏమవుతుంది?"

"ఒక్క రోజుకి ఏం కాదు సారూ" అంది యేసుమణి. అని, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పూర్తిగా నవ్వింది. పిచ్చమ్మ గారూ నవ్వారు. వాళ్ళ వెనక వరుస కూడా. ఇటుకరంగు చారల పళ్ళన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. "రోజూ తాగితేనే ఇట్టా అయితది."

రావుగారి చెయ్యి తనకి తెలియకుండానే నోటి మీదకి వెళ్ళింది. చాలాసేపు ఆలోచించారు. అంత పెద్ద అధికారి ఆలోచిస్తుంటే చూడటం నాకు అదే మొదటిసారి.

"పూర్ణకుంభాలలోని నీటి విషయమై..." అన్నారు చివరికి, "ఒక ప్రత్యేక భద్రతా తనిఖీ అవసరమని భావిస్తున్నాను. అధ్యక్షుల వారు రాకముందే ప్రతి పాత్రను లోపలి భాగం కనపడునట్లు ఖాళీ చేసి, తలకిందులుగా బోర్లించి, పరిశీలించి, అనంతరము ప్లాంటు కుళాయి నుండి మాత్రమే పునఃపూరణ చేయవలెను."

"అంటే సార్," అన్నారు మా ఆయన, "ఖాళీ బిందెలతో రావాలి, మంచినీళ్ళు పట్టుకెళ్ళాలి. కాటా ఉండదు."

"తనిఖీ, మాల్యాద్రీ. తనిఖీ అనండి."

"తనిఖీయే సార్."

"మరి ఇంతమందిమి ఒక్కసారే వస్తే తోపులాట కదా సారూ? పెద్దాయన వచ్చే యాళకి కొప్పులు పట్టుకునుంటాం" అన్నారు పిచ్చమ్మ గారు, కొప్పు గట్టిగా ముడేసుకుంటూ.

రావుగారు ఆయుధాగారం వైపు చూసి, నుదురు తుడుచుకున్నారు. "క్రమశిక్షణ నిమిత్తము... స్వాధీనము చేసుకున్న సామగ్రిని వినియోగించుకొనుటకు అనుమతించడమైనది."

యేసుమణి మాత్రం ఇంకా కూర్చోలేదు. చంకలో పిల్లని ఇటు నుంచి అటు మార్చుకుంది. "రేపు సరే సారూ. మరి ఎల్లుండి?"

నేను షీల్డు వార్తతో పాటు వచ్చిన నియమాలు ఇంకోసారి చదివాను. చదవడం నా ఉద్యోగం కదా.

"షీల్డు పొందిన ప్లాంటును అధ్యక్షుల వారు ఏ రోజైనా, ముందుగా తెలపకుండా సందర్శించవచ్చునట అండీ. సందర్శించిన ప్రతిసారీ నీళ్ళు పుచ్చుకుంటారట. అంటే, ప్రతిసారీ తమరే ముందు..."

"రాయండి!" అన్నారు రావుగారు. "ఈ తనిఖీ ప్రతిరోజూ జరుగును. ఆదివారములు, పండుగలు సహా!"

నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ రాయలేదు. ఆయన సంతకం పెట్టేసరికి ఆడవాళ్ళు అప్పటికే బోరునీళ్ళు, మళ్ళీ లోపలికి దూరిన పిచ్చమ్మ గారి గేదె వైపు కుమ్మరిస్తున్నారు. మా ఆయన మెషీను గదిలోకి పరుగెత్తారు. కాసేపటికి మోటారు హోరు వినిపించింది. మా కుక్కరు మొదటి కూత కన్నా బాగుంది.

తరువాత మైకు నా చేతికిచ్చారు. అధికారిక ప్రకటన, ఊరంతా వినపడాలట. గొంతు సవరించుకుని, ఎంత గంభీరంగా చదవాలనుకున్నా నవ్వు ఆగలేదు.

"ఎర్రవాగుపాలెం ప్రజలకు మనవి. రేపు తెల్లవారుజామున తేటనీరు ప్లాంటు వద్ద పాత్రల భద్రతా తనిఖీ జరుగును. అందరూ ఖాళీ బిందెలతో రావలెను. నిండు బిందెలకు ప్రవేశము లేదు. చంటిపిల్లల తల్లులకు మొదటి వంతు. ఆయుధాగారము ఈ సాయంత్రమే తెరవబడును, కావున ఎవరి రాయి వారు గుర్తుపట్టి తీసుకొని, చీటీ చింపి, వరుసలో పెట్టుకోవలెను. గులాబీరంగు చార ఉన్న గుండ్రని రాయి మాత్రం ఎవరూ ముట్టుకోవద్దని మనవి. అది నాది."